నగరమున మనుష్యుని జాడ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



చింతలపూడిలో బస్సు దిగిన క్రొత్తవాడు ఒకరి పేరు చెప్పి అడిగినచో, "ఏ ఇంటివారు? ఎవరి అబ్బాయి?" అను రెండు ప్రశ్నలతో ఆ ఇల్లు తెలిసిపోవును. కిళ్లీకొట్టువాడు వీధి చూపును. దారిన పోవు ముసలివాడు గుమ్మము దాక వెంట వచ్చును. పల్లెకు జ్ఞాపకమే రిజిస్టరు. నగరమున అట్లు కాదు. ఒకే గోడకు అటునిటు పదేండ్లు కాపురమున్నవారు ఒకరి ఇంటిపేరు నొకరెరుగరు. అయినను నగరము మనిషిని బొత్తిగా మరచిపోవునని తలపరాదు. పుట్టుక, వివాహము, ఇల్లు కొనుట, ఓటు, వ్యాజ్యము, మరణము, ఈ మలుపులలో ప్రతిచోటను ఒక గుమాస్తా ఒక పంక్తి వ్రాసి యుంచును. ఆ పంక్తి ఎచ్చట నున్నదో, దానిని చూచు హక్కు ఎవరికి గలదో తెలిసికొనుటయే నేటి ప్రసంగ విషయము.

ఈ ప్రాంతమునకు ఇది దూరపు సంగతి కాదు. నూజివీడు మొదలు చింతలపూడి వరకు గల తోటల కాయతోపాటు మనుష్యులును నగరములకు పోవుచునే యున్నారు. సరుకుతో పోయినవారు కొందరు తిరిగి వచ్చిరి. కొందరు అచ్చటనే గుమాస్తాలై, డ్రైవరులై, మేస్త్రీలై నిలిచిపోయిరి. పండుగకు వచ్చుట తగ్గెను; ఉత్తరములు ఆగెను. పిమ్మట ఇరువది ముప్పది సంవత్సరములకు ఇచ్చట భూమి పంచుకొనవలసి వచ్చినప్పుడు, "పెదనాన్నగారి మరణ ధ్రువపత్రమేది?" అని కార్యాలయమున అడుగుదురు. ఆయన పోయిన మాట ఊరంతయు నెరుగును. పెద్దకర్మకు ఊరంతయు భోజనము చేసినది. కాని ఊరి ఎరుక కాగితము కాదు. పంపకము ఆగిపోవును. భార్యకు రావలసిన పింఛను ఆగిపోవును. అన్నదమ్ముల నడుమ అనుమానము మొలకెత్తును.

అట్టి కుటుంబము నొకదానిని దృష్టాంతముగా గైకొనవచ్చును. పెదనాన్నగారు హైదరాబాదు చేరి కూకట్‌పల్లిలో కాపురముండి 1996లో మరణించెననుకొనుడు. తమ్ముని కొడుకులు మొదట స్వగ్రామ పంచాయతీలో అడుగుదురు. అచ్చట ఆ పేరుండదు. మనిషి ఏ ఊరివాడైనను, మరణము ఎచ్చట సంభవించినదో అచ్చటి రిజిస్ట్రారే దానిని నమోదు చేయవలెనని 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము చెప్పుచున్నది. పిమ్మట వారు హైదరాబాదు నగరపాలక సంస్థ పాత రిజిస్టరులలో వెదకింతురు; అచ్చటను లేకపోవచ్చును. ఏలయన 1996లో కూకట్‌పల్లి హైదరాబాదు నగరపాలక సంస్థలో చేరినది కాదు. అదొక ప్రత్యేక పురపాలక సంఘము. అట్టి పురపాలక సంఘములు పండ్రెండును, పంచాయతీలు ఎనిమిదియు హైదరాబాదుతో కలిసి మహా నగరపాలక సంస్థ యేర్పడినది 2007లో మాత్రమే. కనుక ఇంటియొద్ద మరణించియున్నచో నాటి కూకట్‌పల్లి పురపాలక సంఘపు రిజిస్టరును వెదకింపవలెను. గాంధీ ఆసుపత్రిలోనో, ఉస్మానియా ఆసుపత్రిలోనో మరణించియున్నచో, ఇల్లు కూకట్‌పల్లిలోనే యున్నను, ఆ పంక్తి హైదరాబాదు నగర రిజిస్టరులో నుండును. ఇంటియొద్ద జరిగినదానిని తెలుపు బాధ్యత ఇంటి యజమానిది. ఆసుపత్రిలో జరిగినదానిని తెలుపు బాధ్యత అచ్చటి వైద్యాధికారిది.

ఈ దృష్టాంతము నేర్పు పాఠ మొక్కటే: నగరమున మనిషిని వెదకబూనినవాడు అలసిపోవును, సంఘటనను వెదకినవాడు గమ్యము చేరును. ఏమి జరిగినది? ఎచ్చట జరిగినది? ఎన్నడు జరిగినది? ఈ మూడింటికి సమాధానము వ్రాసికొనిన పిమ్మటనే బస్సు ఎక్కవలెను.

"ఎచ్చట" అను ప్రశ్న పైకి కనబడినంత తేలిక కాదు. ఊరు కదలకున్నను దాని చిరునామా మారుచుండును. చింతలపూడి 2022 ఏప్రిలు వరకు పశ్చిమ గోదావరి జిల్లాలోను, నూజివీడు కృష్ణా జిల్లాలోను ఉండెడివి. నేడు రెండును ఏలూరు జిల్లాలో నున్నవి. 1953 అక్టోబరు 1కి పూర్వము ఇదంతయు మద్రాసు రాష్ట్రము. 1956 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశము. 1985లో తాలూకాలకు బదులు మండలములు వచ్చినవి. 2014 జూన్ 2 నుండి హైదరాబాదు తెలంగాణమునకు చెందినందున, అచ్చటి కాగితమునకు ఆ రాష్ట్రపు కార్యాలయమునకే అర్జీ పెట్టుకొనవలెను. పూర్వము గ్రామమున జనన మరణములు వ్రాసినది గ్రామ మునసబు. 1984లో ఆ పదవులు రద్దయినవి. ఏ కాలపు సంగతి వెదకుచున్నారో ఆ కాలపు పాలన యేదో ముందుగా తెలిసికొనకున్నచో, ఉన్న కాగితము కూడ లేనట్లే యగును. "ఎన్నడు" అనుదానికిని అంతే. రెవిన్యూ లెక్కలు ఫసలీ సంవత్సరములలో నుండును. ఫసలీకి 590 కలిపినచో ఆ ఫసలీ ప్రారంభమైన క్రీస్తు సంవత్సరము వచ్చును. 1370 ఫసలీ యనగా 1960 జూలైతో మొదలైనది.

ఇక పేరు. ఇంటిలో "చిన్నబ్బాయి", బడిలో వెంకట సుబ్బారావు, నగరపు యజమాని పుస్తకములో ఉత్త రావు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట ఒంటి అక్షరము. ఇంగ్లీషు లిపిలో వ్రాసినప్పుడు ఒక్కొక్క గుమాస్తాది ఒక్కొక్క వ్రాత. కనుక వెదకువారు పేరునకు గల రూపములన్నిటిని తండ్రి పేరుతోను, భార్య పేరుతోను కలిపి ఒక కాగితముపై వ్రాసికొని పోవలెను. స్త్రీల విషయమున కష్టము ఇంకను ఎక్కువ. స్వతంత్ర భారతమున తొలి సాధారణ ఎన్నికలకై (1951-52) జాబితాలు వ్రాయునప్పుడు, తమ పేరు చెప్పక "ఫలానావాని భార్య", "ఫలానావాని తల్లి" అని మాత్రమే చెప్పిన స్త్రీలు దేశమున లక్షల సంఖ్యలో నుండిరి. అట్టివారి పేర్లు సుమారు 28 లక్షలు జాబితాలనుండి తొలగింపబడినవి. పేరు చెప్పని మర్యాద వారి ఓటునే హరించినది.

వ్రాత యొక్క బలము తెలియుటకు సముద్రము దాటిన ఉదాహరణ మొకటి కలదు. 1860లో "ట్రూరో" అను ఓడ మద్రాసునుండి బయలుదేరి నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని దర్బను రేవు చేరినది. అది మొదలు 1911 వరకు ఒప్పందపు కూలీలుగా 1,52,184 మంది భారతీయులు నేటాలునకు పోయిరి. వారిలో తెలుగువారును పెక్కురు. ఓడ జాబితాలలో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయస్సు, గ్రామము, జిల్లా వ్రాయబడినవి. కూలీని సంఖ్యగా లెక్కించుటకే వ్రాసిన పంక్తి అది. అయినను నేడు వారి మునిమనుమలు తమ పూర్వుల ఊరేదని వెదకుకొనుటకు ఆ పంక్తియే ఆధారము. గుమాస్తా గ్రామము పేరు తప్పు వ్రాసినచోట ఆ దారి మూసికొనిపోయినది.

ఇక ఏ రికార్డు ఎవరికి తెరచి యుండునో సంగ్రహముగా చెప్పుకొనవలెను.

జనన మరణ రిజిస్టరులో వెదకింపుమని ఎవరైనను రుసుము చెల్లించి కోరవచ్చును. అయితే మరణ కారణమును మాత్రము ఆ పత్రమున తెలుపరాదని చట్టమే నిషేధించినది. మనిషి పోయినాడను వార్త లోకమునకు చెందును. ఏ వ్యాధితో పోయినాడను సంగతి లోకమునకు చెందదు. రిజిస్టరులో పేరు లేనిచో, లభ్యము కాదని పత్రము తీసికొని, ఆలస్యపు నమోదునకు అర్జీ పెట్టవలెను. ఒక సంవత్సరము దాటిన సంఘటనలకు, 2023 నాటి సవరణ ప్రకారము, జిల్లా మేజిస్ట్రేటు గాని, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గాని, జిల్లా మేజిస్ట్రేటు అధికార మిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గాని ఆజ్ఞ నీయవలెను.

స్థిరాస్తి దస్తావేజులు 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమునకు లోబడినవి. విక్రయము, తనఖా మున్నగునవి వ్రాయు మొదటి పుస్తకమును, దాని సూచికలను ఎవరైనను రుసుము చెల్లించి చూడవచ్చును. విల్లు అట్లు కాదు. వ్రాసినవాడు జీవించియుండగా దాని నకలు అతనికి గాని అతని ఏజెంటుకు గాని తప్ప దొరకదు. అతని మరణానంతరము ఇతరులు కోరవచ్చును. ఈసీ యని ఎల్లరు పిలుచు పత్రము ఆస్తినిబట్టి తీయునదే గాని మనిషినిబట్టి తీయునది కాదు. కనుక సర్వే నంబరో, ఇంటి నంబరో చేతనుంచుకొని పోవలెను.

ఓటరు జాబితా బహిరంగ పత్రము. అది వీధి వరుసను, ఇంటి నంబరు వరుసను ఉండుటచే, వీధి తెలిసినచో కుటుంబము తెలియును. పాత జాబితాకును విలువ కలదు. 2025లో బీహారులో జాబితాను సమగ్రముగా సవరించినప్పుడు, 2003 నాటి జాబితాలో తమ పేరున్నదా యని వెదకుకొనవలసిన అవసరము కోట్లాది ప్రజలకు కలిగినది. వ్యాజ్యముల వివరములు, కక్షిదారు పేరునుబట్టి, న్యాయస్థానముల కంప్యూటరు జాబితాలలో లభించును. ప్రసిద్ధుల జాడకును, ప్రకటనలకును పాత పత్రికలే శరణ్యము. 1918లో స్థాపితమైన వేటపాలెపు సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములు వానిని భద్రపరచి తెలుగువారికి మహోపకారము చేసినవి.

జనాభా లెక్కల పత్రములు మాత్రము ఎవరికిని తెరువబడవు. ఇంటింట వ్రాసికొనిన వివరములు రహస్యములని, న్యాయస్థానమున సాక్ష్యముగా సైతము చెల్లవని 1948 నాటి చట్టము శాసించుచున్నది. ఇంగ్లండులో అట్టి పత్రములను నూరు సంవత్సరముల పిమ్మట, అమెరికాలో డెబ్బదిరెండు సంవత్సరముల పిమ్మట బయటపెట్టుదురు. ఈ దేశమున ఆ యాచారము లేదు. ఆధారు సంఖ్యయు బహిరంగ పత్రము కాదు. "ఆధారు సంఖ్య చెప్పుడు, మీవాని చిరునామా తీసి యిచ్చెదము" అనువాడు మోసగాడే.

2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అర్జీకి సాధారణముగా ముప్పది దినములలో సమాధాన మీయవలెను. ఆంధ్రప్రదేశమున గ్రామస్థాయి కార్యాలయములలో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. ఇతర కార్యాలయములలో 10 రూపాయలు. కాని ఇతరుల వ్యక్తిగత సమాచారమునకు ఈ చట్టము మార్గము కాదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టము ద్వారా ఆ కట్టడి మరింత బిగువైనది.

వెదకువారు తమ్ము తాము అడుగుకొనవలసిన ప్రశ్న యొకటి మిగిలియున్నది: "ఈ కాగితము ఎందులకు?" వితంతువు పింఛనుకై, కొడుకు వాటాకై, కొనువాడు స్థలమునకై వెదకుట ధర్మము. ఇల్లు విడిచి, తన యిష్టమున వివాహమాడి నగరమున తలదాచుకొనిన బిడ్డను పట్టితెచ్చుటకో, పొరుగువాని గుట్టు తెలిసికొనుటకో వెదకుట ధర్మము కాదు. పల్లెలో అందరికిని అన్నియు తెలియుట ఒక రక్షణ. కొందరికి అదే చెర. నగరము వారికి మరుగు నిచ్చినది. ఆ మరుగును రికార్డు పేరిట చింపరాదు. నిజముగా తప్పిపోయినవారి విషయమున ముందుగా పోవలసినది పోలీసు స్టేషనునకు. ఆనాడు వ్రాయించిన ఫిర్యాదు, ఏడేండ్లు జాడ తెలియనిచో, మరణించినట్లు న్యాయస్థానము భావించుటకు ఆధారములలో నొకటి యగును. ఫిర్యాదు లేని కుటుంబము ఏడేండ్ల పిమ్మట వట్టి చేతులతో నిలువవలసి వచ్చును.

ఈ పనిలో గ్రంథాలయము చేయదగినది చాల కలదు. ఇరువదియైదు సంవత్సరములు పుస్తకములు చదివించిన ఈ మందిరమున వారమున కొకనాడు సాయంకాలము అర్జీలు వ్రాసిపెట్టు బల్ల యొకటి వేసినచో, చదువురాని వితంతువు దళారికి డబ్బు పోయనవసరము లేదు. ఊరి ఓటరు జాబితాలు సవరింపబడినప్పుడెల్ల ఒక ప్రతి కట్టకట్టి యుంచినచో, ముప్పదేండ్లకు అది ఊరి చరిత్ర యగును. ప్రతి కుటుంబమువారును ఇంటిలో నొక నోటుపుస్తకము నుంచి, ఎవరు ఏ నగరమున, ఏ వీధిలో, ఏ యింటి నంబరున ఉన్నారో, ఏ మరణము ఏ ఆసుపత్రిలో ఏ తేదీన జరిగెనో వ్రాసికొనవలెను. మరణవార్త విని నగరమునకు పరుగెత్తినవారు, దహనమునకు రసీదు తీసికొని, ఇరువదియొక్క దినముల గడువులోపల నమోదు అయినదో లేదో విచారించియే తిరిగి రావలెను. దుఃఖసమయమున ఇది కఠినముగా తోచవచ్చును. కాని ఆనాడు అరగంటలో అగు పని, పిమ్మట మూడు తరములకు తిరుగుడు కాకుండ కాపాడును.

పల్లె జ్ఞాపకము పెద్దలతో పోవును. నగరపు పంక్తి కాగితముతో నిలుచును. దూరమున కన్నుమూసిన మనవాని పేరు సరిగా, సకాలమున వ్రాయించుట అతని యెడ బంధువులు నెరవేర్పదగిన కడపటి మర్యాద. ఈ గ్రంథాలయము ఆ మర్యాదను నేర్పు చోటుగా స్వర్ణోత్సవము దాక వర్ధిల్లుగాక!