ఇకిగై అనే మాట

ఈ మధ్య పుస్తకాలలోను, ప్రసంగాలలోను ‘ఇకిగై’ అనే జపాను మాట తరచుగా వినవస్తున్నది. ‘ఇకి’ అంటే జీవించడము. ‘గై’ అంటే అందులోని విలువ. దీనికి నాలుగు వలయాల పటమొకటి ప్రచారములో ఉన్నది. ఇష్టమైనది, చేతనైనది, లోకానికి అవసరమైనది, డబ్బు వచ్చేది – ఈ నాలుగూ కలిసిన చోటే ఇకిగై అట! ఆ పటమునకు 2014లో ఈ పేరు తగిలించినవాడు మార్క్ విన్; జపాను వాడుక అది కాదు.

ఆ లెక్కన శ్రీరాంపూర్, మందమర్రి సింగరేణి గనులలో మూడు షిఫ్టులూ చేసి, 61 ఏండ్లకు విరమించిన కార్మికునికి ఇకిగై లేనట్లే. బ్రతుకుతెరువు ముగిసినది, నిజమే. బ్రతుకు ముగిసినదా?

కమియా మియెకో అనే మానసిక వైద్యురాలు 1966లో ఈ విషయముపై గ్రంథము వ్రాసినారు. నాగషిమా దీవిలోని కుష్ఠురోగుల వైద్యాలయములో ఆమె పనిచేసినారు. ఇల్లు, ఊరు, వృత్తి సమస్తము పోగొట్టుకొన్నవారు అక్కడ ఉండేవారు. వారిలో అనేకులకు జీవితము శూన్యముగా తోచినది. కొందరు మాత్రము నిండుగా జీవించినారు. ఎందుచేత అన్నదే ఆమె ప్రశ్న.

జపానీయులు ‘మనుమరాలే నా ఇకిగై’, ‘తోటపనే నా ఇకిగై’ అంటారు. మనమూ అట్లే వాడుకొనవచ్చును. పిల్లవానిని ‘నీ ఇకిగై ఏది?’ అని ఉద్యోగపు ప్రశ్నవలె నిలదీయడము మాకు రుచించదు.

విరమించిన పెద్దలను ‘ఖాళీయే కదా’ అని మనము బజారుకు, బ్యాంకుకు పంపుతుంటాము. మనుమని వెంటబెట్టుకొని గోదావరి ఒడ్డుకు నడిచిరావడమే మంచిర్యాల తాతగారికి ఆ రోజు పెద్దపని కావచ్చును. ఆ వేళకు మరొక పని చెప్పకుంటే చాలును.