అరచేతి ఆట - ఒంటి బరువు

ఇంటిలో పిల్లవాడు వీడియో గేము చేతబట్టి మూల చేరినచో పెద్దలు సామాన్యముగా పలుకు మాట ఒక్కటే: "లేచి కాస్త కదలరా!" ఆ మందలింపు న్యాయమైనదే. గంటల తరబడి మనిషిని కూర్చుండబెట్టుటకు ఈ ఆటలను మించిన సాధనము అరుదు. అట్టి వస్తువు ఒంటి బరువు తగ్గించుకొనుటకు అక్కరకు వచ్చునని చెప్పినచో, నిప్పును తెచ్చి చలువ చేయుదుమన్నట్లు వినబడును. అయినను ఈ యోచన చేసినవారు కలరు. అందుకు తగిన యంత్రములు చేసి అమ్మినవారు కలరు. శాస్త్రీయముగా పరీక్షించి ఫలితములు ప్రకటించినవారును కలరు. వారు చేసినదేమి, అందు మన ఇండ్లకు పనికివచ్చు పాలెంత అను విషయమును శ్రోతలతో కలిసి విచారింపదలచితిని.

ఈ కథలో పెద్ద పాలు జపాను దేశమునది. క్యోటో నగరమున 1889లో పేకముక్కలు తయారుచేయుటకై వెలసిన నింటెండో సంస్థయే దాదాపు నూరేండ్ల పిమ్మట వీడియో ఆటలకు ప్రపంచమంతట పేరుపొందెను. ఆ దేశముననే 1965లో, అనగా టోక్యో ఒలింపిక్ క్రీడల మరుసటి యేట, వేరొక సంస్థ నడుమునకు తగిలించుకొను చిన్న యంత్రము నొకదానిని అమ్మకమునకు పెట్టెను. మనిషి వేసిన అడుగులను లెక్కించుట దాని పని. దానికి పెట్టిన పేరు 'మాన్‌పోకే'. 'పదివేల అడుగుల మాపకము' అని దాని యర్థము. దినమునకు పదివేల అడుగులు నడువవలెనను మాట ఆ పేరుతోనే లోకమున వ్యాపించినది. అంకె గుండ్రముగ నుండుటచే జనుల నాలుకపై నిలిచినది గాని, అది అందరికిని విధిగా చెల్లవలసిన కొలత కాదు. 2019లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశీలనలో సగటున 72 ఏండ్ల వయస్సు గల పదహారువేలకు పైబడిన స్త్రీలను నాలుగేండ్లకు పైగా గమనించిరి. అడుగులు పెరిగినకొలది వారిలో మరణముల పాలు తగ్గుచు వచ్చి, సుమారు 7,500 అడుగులకడ ఆ తగ్గుదల నిలిచిపోయెను. మోకాళ్ళ నొప్పులతో పదివేల అంకెను తలచుకొనియే నిరుత్సాహపడు పెద్దవారికి ఈ సంగతి తెలియుట మేలు.

అడుగుల యంత్రమును ఆటబొమ్మను ఒకటిగా కలిపినవారిలో నింటెండో వారును కలరు. 1998లో వారు 'పాకెట్ పికాచు' అను చిన్న వస్తువును వెలువరించిరి. అందు పసుపుపచ్చని బొమ్మజంతువు యొకటి నివసించును. దానిని మొలకు తగిలించుకొని నడచినచో ఇరువది యడుగులకు ఒక 'వాట్' చొప్పున జమ యగును. ఆ వాట్లను జంతువునకు కానుకగా ఇచ్చినచో అది సంతసించును. నడువక కూర్చున్నచో ఇచ్చుటకు చేత నేమియు నుండదు. 2008లో అదే సంస్థ, పెట్టెవలె మూతతెరచి ఆడుకొను 'నింటెండో డి.యస్.' అను యంత్రమునకు అనుబంధముగా, నడక నేర్పు ఆట నొకదానిని జపానులో విడుదల చేసెను. దానితో రెండు అడుగుల యంత్రములు వచ్చును. వానిని దినమంతయు జేబులో నుంచుకొని రాత్రి ఆటయంత్రము నెదుట పెట్టినచో, ఏ నిమిషమున ఎన్ని అడుగులు వేసితిమో తెరమీద గీతలుగా కానవచ్చును. యూబీసాఫ్ట్ అను సంస్థయు అదే యేట 'మై వెయిట్ లాస్ కోచ్' అను పేర, బరువు తగ్గించుటయే ప్రయోజనముగా, అడుగుల యంత్రము జోడించిన ఆటను అదే డి.యస్. కొరకు అమ్మెను. ఆ యంత్రముల తయారీ ఎన్నడో ఆగిపోయినది. కాని ఆ పని నంతయు నేడు ప్రతి జేబులోని ఫోను చేయుచున్నది. కనుక కొనుటకు దొరకని వస్తువును గూర్చి చెప్పుచున్నానని అనుకొనవలదు.

లెక్క కనబడినంతమాత్రమున మనిషి నడచునా? నడచునని చెప్పక తప్పదు. 2007లో అమెరికా వైద్యులు అంతకుముందు జరిగిన ఇరువదియారు పరిశీలనలను ఒకచోట చేర్చి చూచిరి. అందు కట్టుదిట్టముగ జరిగిన ప్రయోగములలో, అడుగుల యంత్రము ధరించినవారు ధరింపనివారికంటె దినమునకు సుమారు 2,500 అడుగులు అధికముగా నడచిరి. ఇంతని గురి పెట్టుకొన్నవారికే ఆ మేలు ముఖ్యముగా కలిగెనట. ఇది మనకు వింత గాదు. హైదరాబాదు చెంతనున్న చిలుకూరు బాలాజీ ఆలయమున కోరిక తీరిన భక్తులు నూటయెనిమిది ప్రదక్షిణలు చేయుదురు. చేతిలో చీటి యుండును. చుట్టు వెంట చుట్టు అంకెమీద గుర్తు పెట్టుదురు. తొంబదియవ చుట్టున కాళ్ళు లాగుచున్నను ఆగి ఇంటికి పోవువారు కానరారు. భక్తి మాట అట్లుండగా, మిగిలిన గళ్ళు కంటికి కనబడుచుండుటయు కాళ్ళను ముందునకు నడపునని నా తలంపు.

ఇక బరువు మాట. ఇక్కడ కొంత గణితము తప్పదు. డెబ్బది కిలోల మనిషి చదునైన నేలమీద ఒక కిలోమీటరు నడచినచో, ఊరక కూర్చున్నను ఖర్చగునది పోను, సుమారు 35 కేలరీలు వ్యయమగును. అడుగు డెబ్బది సెంటీమీటర్లని యనుకొన్నచో పదివేల అడుగులు ఏడు కిలోమీటర్లు. అనగా సుమారు 245 కేలరీలు. ఒంటిలోని కొవ్వు ఒక కిలో కరగవలెనన్న సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావలెను. తిండి ఏమాత్రము పెరుగకుండ నెలదినములు ప్రతిదినము అదనముగా ఏడు కిలోమీటర్లు నడచినచో తరుగునది ఒక కిలో. పైన చెప్పిన 2,500 అడుగులకు దక్కునది అరువది కేలరీలు, అనగా ఒక మోస్తరు ఇడ్లీ. చట్నీ లెక్క వేరు!

ఈ లెక్కను త్రిప్పి చూడుడు. దినమునకు మూడుమారులు కాఫీ త్రాగువారు గ్లాసునకు రెండేసి చెంచాల పంచదార చొప్పున ఆరు చెంచాలు పుచ్చుకొందురు. చిన్న చెంచాకు నాలుగు గ్రాములని యనుకొన్నను అది సుమారు 95 కేలరీలు. దానిని నడచి తీర్చవలెనన్న నాలుగువేల అడుగులకు దగ్గర వేయవలెను. చెంచా క్రిందపెట్టుట కన్న నడచుట ఎంత కష్టమో దీనివలన తెలియును. నడకవలన రక్తములో చక్కెర అదుపునకు వచ్చుట, గుండెకు బలము చేకూరుట మొదలగు లాభములు వేరుగ కలవు. అవి చిన్నవి కావు. కాని బరువు కాటా మీద ముల్లు కదలుట ప్రధానముగా పళ్ళెము కడ తేలవలసిన వ్యవహారము.

ఆటల ఆకర్షణ ఎన్నాళ్ళు నిలుచునన్నది మరియొక చిక్కు. 2016 జూలైలో 'పోకెమాన్ గో' అను ఫోను ఆట వెలువడినప్పుడు అనేక దేశములలో యువకులు వీధులవెంట తిరుగజొచ్చిరి. బొమ్మజంతువులను పట్టుకొనుటకు నిజముగా నడచిపోవలెనుట ఆ యాట నియమము. హార్వర్డు పరిశోధకులు అమెరికాలోని యువజనుల ఫోనులలో నమోదైన అడుగులను పరిశీలించి అదే యేడు డిసెంబరులో ఫలితము ప్రకటించిరి. ఆట చేబట్టిన మొదటి వారమున దినమునకు సగటున 955 అడుగులు పెరిగెను. అటుపిమ్మట వారము వారము తరుగుచు ఆరవ వారమునకు నడక మునుపటి స్థితికే వచ్చెను. కొత్తబిచ్చగాడు పొద్దెరుగడను సామెత ఇక్కడ చక్కగ చెల్లును. మన లెక్క ప్రకారము ఆ మొదటి వారపు ఉత్సాహమున కరిగినది దినమునకు చెంచాకు కొంచెము మించిన పంచదార. ఈ ఆటవలన సన్నబడుదుమని ప్రకటనలు చూచి నమ్మువారు ఈ అంకెను ప్రక్కన పెట్టుకొని చూడవలెను.

అయినచో బరువు తగ్గుటలో అరచేతి ఆటకు చోటే లేదా? ఉన్నదని నేను తలచుచున్నాను. కాని ఆ చోటు కాళ్ళకడ కన్న నాలుకకడ నున్నది.

'టెట్రిస్' అను ఆటను శ్రోతలలో పలువురు చూచియుందురు. మాస్కోలో అలెక్సీ పాజిత్నోవ్ అను ఆయన 1980ల నడుమ కల్పించిన ఆట యిది. 1989లో నింటెండో వారి 'గేమ్ బాయ్' అను చేతియంత్రముతో కూడ అమెరికాలో ఇంటింటికి చేరెను. పైనుండి నాలుగేసి గళ్ళ ముక్కలు రాలుచుండును; వానిని త్రిప్పి, జరిపి, క్రింద సందులేకుండ వరుసలుగ పేర్చవలెను. పరుగు లేదు, నడక లేదు. బొటనవ్రేళ్ళు మాత్రము కదలును. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయము వారు, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు వారు కలిసి ఈ ఆటను తిండి యావకు విరుగుడుగా పరీక్షించి 2015లో ఫలితము ప్రకటించిరి. ముప్పదియొక్క మంది విద్యార్థులను వారముదినములు గమనించిరి. దినమునకు ఏడుమారులు, ఇప్పుడు దేనిమీదనైన యావ కలదా, కలదేని ఎంత అని అడిగిరి. వారిలో కొందరిచే చేతియంత్రముమీద మూడు నిమిషములు టెట్రిస్ ఆడించిరి. ఆడకముందు సగటున నూటికి డెబ్బదిగానున్న యావ ఆడిన పిమ్మట ఏబదియారునకు దిగెను. వారము చివరకు వచ్చినను ఆ గుణము తరుగలేదు.

దీనికి వారు చెప్పు కారణము ఆలోచింపదగినది. యావ అనునది కడుపులో పుట్టు ఆకలి కాదు. మనస్సులో కదలు చిత్రము. సాయంకాలము నాలుగు గంటలవేళ మిరపకాయబజ్జీలు జ్ఞప్తికి వచ్చినవనుడు. ముందుగా నూనెలో తేలుచు ఎఱ్ఱబడుచున్న బజ్జీ రూపము కనబడును. పిదప వాసన, ఉల్లిపాయముక్కలు, నిమ్మరసము ఒకటొకటిగ వచ్చి చేరును. బొమ్మ ఎంత స్పష్టమైనచో కోరిక అంత బలీయము. మనస్సునందు రూపములను నిలుపు శక్తికి హద్దు కలదు. అదే సమయమున రాలుచున్న ముక్కలను త్రిప్పి అమర్చు పనిలో అది మునిగిపోయినచో బజ్జీ బొమ్మకు చోటు చాలదు. బొమ్మ మసకబారును, యావ సడలును. తినవద్దు, తినవద్దు అని తనకు తాను చెప్పుకొనుటవలన బజ్జీ రూపము మరింత నిలుచుననుట మన కందరకును అనుభవమే గదా.

ముప్పదియొక్క మంది అనగా చిన్న గుంపు. వారి బరువు తగ్గెనా అని ఆ ప్రయోగమున పరీక్షింపలేదు. యావ అణగినది గాని అడుగంటలేదు. ఇవి మరువరాదు. అయినను ఖర్చు లేనిది, మూడు నిమిషములలో ముగియునది, మందు కానిది. ప్రయత్నించి చూచుటలో నష్టము లేదు.

నష్టమంతయు వేళ తప్పుటలో నున్నది. 2011లో బ్రిస్టల్ నగర పరిశోధకులు ప్రకటించిన ప్రయోగమును వినుడు. నలుబదినలుగురిని రెండు గుంపులుచేసి అందరికిని ఒకే విధమగు మధ్యాహ్నభోజనము పెట్టిరి. ఒక గుంపువారు కంప్యూటరుమీద పేకాట ఆడుచు తినిరి. రెండవవారు ఊరక తినిరి. ఆడుచు తిన్నవారికి కడుపు నిండినట్లు అంతగా తోచలేదు. తిన్న పదార్థములు ఏ వరుసన తినిరో సరిగ జ్ఞప్తికి రాలేదు. అరగంట గడచిన పిమ్మట బిస్కత్తులు పెట్టగా వారే ఎక్కువ తినిరి. అనగా తినుటకు ముందు యావను చెరపిన ఆటయే, తినునప్పుడు తిన్న జ్ఞాపకమును చెరపుచున్నది. పిల్లవానికి ఫోను చేతికిచ్చి ముద్దలు పెట్టుట మన ఇండ్లలో నేడు సామాన్యమైనది. అన్నము వేగముగ లోనికి పోవును, నిజమే. ఎంత పోయినదో వానికి తెలియదు. పెద్దలును టెలివిజను ముందు పళ్ళెము పెట్టుకొని చేయుచున్నది అదియే.

కనుక ఆటను ఇంటినుండి వెళ్ళగొట్టనక్కరలేదు. భోజనపుచోటునుండి వెళ్ళగొట్టిన చాలును. యావ పుట్టినపుడు మూడు నిమిషములు, గడియారము చూచుకొని, ఆడవచ్చును. అది నిజమైన ఆకలియైనచో ఆట ముగిసినను పోదు, అప్పుడు తినవలసినదే. నడచునప్పుడు లెక్కించు యంత్రము జేబులోనే యుండవలెను. తెరను చూచుచు రోడ్డు దాటుట ప్రాణాపాయము. మొదట వారముదినములు మామూలుగ తిరుగుచు మన నడక ఎంతయో తెలిసికొని, దానిపై వేయి అడుగులు గురిగ పెట్టుకొనుట, అది అలవడిన పిమ్మట మరియొక వేయి కలుపుకొనుట సుఖమైన పద్ధతి. ఆటమీది మోజు ఆరు వారములలో తీరుననుట తెలిసినదే కనుక, ఆ లోపలనే నడకకు ఒక వేళయు, తోడుగ ఒక మనిషియు కుదుర్చుకొనవలెను. తోడు వచ్చువారు వాకిట నిలిచి పిలిచినపుడు రానని చెప్పుట కష్టము. ఆ పని ఏ యంత్రమును చేయజాలదు.

మధుమేహమునకు ఇన్సులిను గాని, చక్కెర దించు మాత్రలు గాని వాడువారు తిండి తగ్గించుటకు, నడక పెంచుటకు ముందు వైద్యుని అడుగవలెను. చక్కెర హఠాత్తుగ పడిపోవు ప్రమాదము కలదు. ఎదుగుచున్న పిల్లలకు తిండి కోత పెట్టరాదు. ఇక కొలత మాట: ఒంటిలో నీరు హెచ్చుతగ్గులగుటవలన బరువు దినదినము మారుచుండును. వారమునకు ఒకమారు, ఉదయమున ఏమియు తినకముందు చూచుకొన్న చాలును. కాటా లేనివారు దర్జీ టేపుతో నడుము కొలుచుకొనవచ్చును. మన దేశపు పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదని వైద్యులు 2009లో నిర్ణయించిరి. టేపు బొడ్డుకు పైన, ఊపిరి మామూలుగ విడిచి, పొట్ట లోనికి లాగకుండ పట్టవలెను.