షుగర్ వచ్చాక మన పాదాలు

ఉగాది పూట జబ్బుల మాటెందుకని కొందరికి అనిపించవచ్చు. బీదర్‌లోని తెలుగు ఇళ్లవాళ్లం ఇంతమందిమి ఒక్కచోట దొరికేది ఇలాంటి రోజునే కదా! భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో బయటపెట్టిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. మధుమేహానికి దగ్గరగా వచ్చినవాళ్లు మరో 13.6 కోట్లు. మనలోనూ షుగర్ మాట వినపడని ఇల్లు తక్కువే.

రిపోర్టు చేతికొచ్చిన కొత్తలో ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. అన్నం మానేస్తారు, స్వీట్లు దాచేస్తారు. కాకరరసం, మెంతులు, నేరేడు గింజల పొడి తలా ఒకటి చెబుతారు. నెల తిరిగేసరికి, ఒంట్లో ఏ బాధా లేదు కదా అని మాత్రలు కూడా ఆపేస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. రెండో రకం మధుమేహం చాలాకాలం బాధ పెట్టదు. కన్ను, కిడ్నీ, నరం లోలోపల దెబ్బతింటున్నా మనిషికి తెలియదు. నొప్పి చేయాల్సిన పనిని ఇక మన కళ్లు, చేతులు, పరీక్షలు చేయాలి. అందుకే షుగర్ బయటపడిన వెంటనే, ఆ తర్వాత ఏటా, చూపు బాగున్నా సరే కంటి వెనక పొరను చూపించుకోవాలి. కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా అంతే.

తిండి గురించి ఒక్కమాట. జొన్నరొట్టె మన ప్రాంతపు బలం. అందులో పీచుంది, నిజమే. కానీ జొన్నపిండి బరువులో దాదాపు 70 శాతం పిండిపదార్థమే. జొన్నలే కదా అని నాలుగు రొట్టెలు తింటే షుగర్ పెరగక మానదు. రొట్టెలు తగ్గించి, కందిపప్పు, పుంటికూర పెంచండి. ఆ వంట ఇంటిల్లిపాదికీ ఒకటే ఉండాలి. రోగికి వేరే గిన్నె పెట్టిన ఇంట్లో ఆ పథ్యం ఎక్కువ రోజులు నిలవదు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు ఏకాదశి ఉపవాసానికి ముందే డాక్టరుతో మాట్లాడాలి. మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది.

ఇక పాదాలు. వాటిని రోజూ చూసుకోవాలనే పాఠం మనకు కుష్ఠురోగుల దగ్గర నుంచి వచ్చింది. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో సర్జన్‌గా పనిచేశారు. కుష్ఠు సోకితే వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో అందరూ నమ్మేవారు. బ్రాండ్ రోగుల దినచర్యను ఓపిగ్గా గమనించారు. స్పర్శ పోయిన పాదానికి దెబ్బ తగిలినా తెలియక, రోగి ఆ దెబ్బ మీదే నడుస్తూ పోవడం వల్ల పుండు పడుతోందని గ్రహించారు. నష్టానికి అసలు కారణం నొప్పి లేకపోవడమే. 1960ల్లో అమెరికాలోని కార్విల్ ఆస్పత్రికి వెళ్లాక షుగర్ రోగుల కాళ్లలోనూ ఆయన ఇదే చూశారు. ఆయనకు మనం ఎంతో రుణపడి ఉన్నాం.

మన ఊళ్లో ఈ సంగతి మరీ ముఖ్యం. బీదర్‌లో ఉత్తికాళ్లతో నడిచే సందర్భాలు ఎక్కువ. ఝరణీ నరసింహస్వామి గుహలో సుమారు 300 మీటర్లు నడుంలోతు నీళ్లలో నడుస్తాం. అడుగున ఏ రాయి ఉందో కనపడదు. నానక్ ఝీరా గురుద్వారాకు వెళ్లినా చెప్పులు విడవాల్సిందే. మే నెల మిట్టమధ్యాహ్నం రాతి నేల కాళ్లు బొబ్బలెక్కేలా కాలుతుంది. భక్తి మానమని నేననను. ఎండెక్కకముందే వెళ్లండి, ఆవరణలో మందపాటి నూలు మేజోళ్లు వేసుకోనిస్తారేమో అడగండి. పాదాల్లో స్పర్శ తగ్గిందని తేలినవాళ్లు మాత్రం ఆ నీళ్లలోకి దిగకండి, గుహ బయటి నుంచే స్వామికి దండం పెట్టుకోండి. దిగగలిగినవాళ్లు బయటికి రాగానే వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవాలి.

స్పర్శ తగ్గిందని ఎలా తెలుస్తుంది? నడుస్తుంటే హవాయి చెప్పు ఊడిపోయినా, వెనక నుంచి మనవడు పిలిచి చెబితే తప్ప తెలియని తాతలను చూశాను. ఇది గట్టి హెచ్చరిక. రోజూ పడుకునేముందు పాదాలు చూసుకోండి. వంగలేనివాళ్లు నేల మీద అద్దం పెట్టి అరికాలు చూసుకోవచ్చు, లేదా కోడలో కొడుకో చూడవచ్చు. మడమ పగులు, ఆనెకాయ, గోరుచుట్టు, వాచిన వేలికి బిగిసిన మెట్టె, ఏదీ చిన్నది కాదు. ఆనెకాయను బ్లేడుతో కోసుకోకండి. కాళ్లు కడిగే వేడినీళ్లను మోచేత్తో చూసి పోసుకోండి. బూటు తొడిగేముందు దులపండి, లోపల చెయ్యి పెట్టి చూడండి. పుండు పడితే నొప్పి కోసం ఎదురుచూడొద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పాదాల్లో స్పర్శ ఎంతుందో చూడటానికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఒకటి తెచ్చాను. కళ్లు మూసుకుని కూర్చుంటే, అది అరికాలికి ఎక్కడెక్కడ తగిలిందో మీరు చెప్పాలి. సూది లేదు, రక్తం లేదు. భోజనాలకు లేచేముందు షుగర్ ఉన్న పెద్దలు పక్క గదిలోకి రండి. మీతోపాటు ఇంట్లోవాళ్లను కూడా ఒకరిని తీసుకురండి. రేపటి నుంచి ఆ పాదాలు రోజూ చూడాల్సింది వాళ్లు కూడా.