బదరీవృక్షము క్రింద మన పెద్దలు
(శతవార్షికోత్సవ కూడికలలో తిరుపతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగలో మన పితరుల సేవను తలంచుకొనుచున్నాము. అయితే ఆ సేవ కన్నులార చూచిన వృద్ధులు కొందరు నేడు మన ఇండ్లలోనే గోడవైపు తిరిగి పడుకొని యున్నారు. వారిని గూర్చి నాలుగు మాటలు చెప్పెదము.

మన సంఘములో ఒక అవ్వ. డెబ్బది యేండ్లు దాటినది. ఆదివారము ముందు వరుసలో కూర్చుండి పాట ఎత్తుకొనెడిది. ఒక యేడు ఆమె పాట మానెను, పిదప గుడి మానెను, చివరకు సంగటి ముద్ద ముట్టుట మానెను. "నేను పాపిని నాయనా, దేవుడు నన్ను విడిచినాడు, నాకెందుకు కూడు?" అనెడిది. మేము వెళ్లి ప్రార్థించితిమి, అది మంచిదే. "నీకు విశ్వాసము చాలదవ్వా, పాపము ఒప్పుకో" అని కూడ చెప్పితిమి. అది మా తప్పు. వ్యాధితో క్రుంగిన ఆమెపై మరియొక బరువు మోపితిమి.

అలిపిరి దారిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రులు మనమెరిగినవే. గుండెనొప్పి వచ్చిన ఆ దారిన పరుగెత్తుదుము. మనస్సుకు జబ్బు చేసిన తలుపు వేసికొందుము. తుదకు కొడుకు ఆమెను ఒక మానసిక వైద్యునికి చూపించెను. "ఇది తీవ్రమైన డిప్రెషన్. మాత్రలు పనిచేయుటకు వారములు పట్టును. తిండి, నీళ్లు మానిన మనిషికి అంత గడువు లేదు. ఇ.సి.టి. చేయవలెను" అని డాక్టరు చెప్పెను. "కరెంటు షాకా? ముసలి ప్రాణము తట్టుకొనునా?" అని మేము అడ్డుపడితిమి. సినిమాలలో చూచినదే మా జ్ఞానము!

ఈ చికిత్సను 1938లో రోము నగరములో చెర్లెట్టి, బీని అను వైద్యులు మొదటిసారి మనిషికి చేసిరి. ఆ దినములలో మత్తు లేకుండ చేసినందున కొందరికి ఎముకలు విరిగెను. ఆ భయమే నేటికిని మిగిలినది. ఇప్పుడు మత్తుమందు, కండరములు సడలు మందు ఇచ్చి, ప్రాణవాయువు అందించుచు, తలకు కొన్ని సెకండ్లు మాత్రమే విద్యుత్తు పంపుదురు. దానివలన మెదడులో కలుగు మూర్ఛ సాధారణముగా ఒక నిమిషములోపే ఆగును. రోగికి నొప్పి తెలియదు. వారమునకు రెండు మూడు మార్లు, సాధారణముగా 6 నుండి 12 మార్లు చేయుదురు. మత్తు లేకుండ చేయుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది.

వయస్సు దీనికి అడ్డు కాదు. ఇట్టి తీవ్రమైన కుంగుబాటులో వృద్ధులకు ఇది బాగుగా పనిచేయును. అయితే గుండెను, రక్తపోటును ముందుగా పరీక్షింపవలెను. చికిత్స నాళ్ల జ్ఞాపకములు కొన్ని చెదరును, కొన్ని తిరిగి రాకపోవచ్చును. జబ్బు మరల రాకుండ తరువాత మాత్రలు వాడవలెను.

నాలుగవ మారు తరువాత అవ్వ నీళ్లడిగెను. ఆరవ మారు తరువాత "సంగటి చేసినారా?" అనెను. మేము వచ్చి వెళ్లిన సంగతి ఆమెకు జ్ఞాపకము లేదు. మా ఉపదేశము మరచిపోవుటే మేలాయెను!

ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద పడి, ఇక చాలు, చనిపోయెదనని అడిగెను. దేవుడు ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చెను, దూతచేత రొట్టెయు నీళ్లును రెండు మార్లు ఇప్పించెను. మాట్లాడినది ఆ తరువాతనే. మనము ఈ క్రమమును తలక్రిందులు చేసితిమి.

ఒకనాడు క్షయరోగులను కూడ మనవారు దాచిరి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో మిషనులు శానిటోరియము కట్టి వారిని చేర్చుకొనినవి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు బాగాయములో మనోరోగులకు చికిత్స చేయుచున్నారు. ఆ సేవను పొగడు మనము మన ఇంటి అవ్వను దాచుట తగునా?

కాబట్టి పెద్దవారు రెండు వారములు దిగులుగా నుండి, తిండి నిద్ర తగ్గినయెడల డాక్టరుకు చూపుడి. చావు మాట పలికినా, తిండి నీళ్లు మానినా ఆ దినమే తీసికొని పోవుడి. ఎవరిని అడుగవలెనో తెలియనివారు 14416కు ఫోను చేయవచ్చును. ప్రార్థన మానకుడి, ఆసుపత్రి బల్లమీద వారి ప్రక్కన కూర్చుండి ప్రార్థించుడి.

ప్రభువు మన వృద్ధులను లేవనెత్తును గాక. ఆమేన్.