కొండదారిలో సైకిలు, దారి పొడుగునా మనుషులు



నేను భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయుణ్ణి. పీడనం, మరుగు స్థానం, స్థితిజ శక్తి అనే మాటలు మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. 2006 ఆగస్టులో మనాలీ నుంచి లేహ్‌కి సైకిలు మీద ఒంటరిగా బయలుదేరినప్పుడు ఈ మూడింటినీ నేను మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. ఆ దారిలో నన్ను ఆదుకున్నవాళ్ళెవరూ నాకు తెలిసినవాళ్ళు కారు. వాళ్ళు చేసిన సాయం గురించి, ఆ సాయానికి వాళ్ళకైన ఖర్చు గురించి ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందుగా దారి ఎలాంటిదో చూద్దాం. రోహతాంగ్ మీదుగా మనాలీ నుంచి లేహ్ 470 కిలోమీటర్లకు పైనే. మధ్యలో అయిదు కనుమలు దాటాలి. లదాఖీ భాషలో కనుమను 'లా' అంటారు. రోహతాంగ్ ఎత్తు 3,978 మీటర్లు. ఆ తరువాత బారాలాచా లా, నకీ లా, లాచులుంగ్ లా, చివరిగా సుమారు 5,300 మీటర్ల ఎత్తున తగ్లాంగ్ లా వస్తాయి. 2020లో అటల్ సొరంగం తెరిచాక చాలా వాహనాలు రోహతాంగ్ ఎక్కకుండానే వెళ్ళిపోతున్నాయి. నేను వెళ్ళిన రోజుల్లో ఆ వీలు లేదు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. నేను, సైకిలు, సామాను కలిపి 100 కిలోలు అనుకోండి. మనాలీ నుంచి రోహతాంగ్‌కి ఎక్కవలసిన ఎత్తు సుమారు 1,900 మీటర్లు. ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతోనూ, ఎత్తుతోనూ గుణిస్తే దాదాపు 18.6 లక్షల జౌళ్ళు వస్తాయి. మన శరీరం తిన్న తిండిలో నాలుగో వంతు శక్తినే కండరాల పనిగా మార్చగలదు. అంటే ఈ ఒక్క ఎక్కుడుకే సుమారు 1,800 కిలోకేలరీల తిండి కావాలి. రాపిడి, ఎదురుగాలి ఇందులో చేర్చలేదు. ఈ లెక్క నేను ఇంటి దగ్గరే వేసుకున్నాను, సరిపడా తిండి కట్టుకున్నాను. వేసుకోని లెక్కలు వేరే ఉన్నాయి.

బారాలాచా లాకి ముందు, ఒక మధ్యాహ్నం, రోడ్డు పని చేస్తున్న ఒక కూలీ చెయ్యి ఊపి నన్ను ఆగమన్నాడు. చేతులు మోచేతి దాకా తారు. డబ్బులు అడుగుతున్నాడనుకుని ఆగకుండా తొక్కాను. అతను వెనకే పరుగెత్తుకొచ్చి సైకిలు క్యారియర్ పట్టుకున్నాడు. నాకు కోపం వచ్చింది, గట్టిగానే అరిచాను. అతను మాట్లాడకుండా చెవి దగ్గర చెయ్యి పెట్టి మలుపు వైపు చూపించాడు. అప్పుడు వినబడింది హోరు. మలుపు అవతల రోడ్డు మీదుగా వాగు పారుతోంది, రాళ్ళను దొర్లించుకుంటూ.

ఆ వాగుల నీళ్ళు మంచు కరిగి వచ్చేవి. ఎండ ముదిరేకొద్దీ మంచు ఎక్కువగా కరుగుతుంది. ఆ నీళ్ళు కిందికి చేరడానికి కొంత సమయం పడుతుంది కనుక మధ్యాహ్నం దాటాక, సాయంత్రం వాగు ఉద్ధృతంగా ఉంటుంది. రాత్రి చలికి కరగడం తగ్గి, తెల్లవారేసరికి నీళ్ళు పలచబడతాయి. ఇది నాకు తెలియని శాస్త్రం కాదు. కానీ ఆ వేళ గుర్తు రాలేదు. ఝార్ఖండ్ నుంచి వచ్చిన ఆ కూలీలు ఆ రాత్రి తమ గుడారంలో నాకు చోటిచ్చి, వాళ్ళ అన్నం పప్పులోంచే పెట్టారు. ఉదయం అదే వాగును పిక్కల లోతు నీళ్ళలో దాటాను. క్షమించమని అడిగితే అతను నవ్వి ఊరుకున్నాడు.

అసలు కష్టం పాంగ్‌లో వచ్చింది. అక్కడ ఒక సైనిక శిబిరం, ఎండాకాలంలో వేసి చలికాలానికి ఎత్తేసే కొన్ని డేరా హోటళ్ళు తప్ప మరేమీ ఉండవు. ఎత్తు సుమారు 4,600 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ వంతు అక్కడా 21 శాతమే. కానీ వాయుపీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కొంచెం పైన ఉంటుంది. కనుక ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గిపోతుంది. శరీరం అలవాటు పడడానికి రోజులు కావాలి. నేను పంతానికి పోయి ఆ రోజులు ఇవ్వలేదు.

సాయంత్రం చేరేసరికి తలపోటు, వాంతులు. అయినా తెల్లవారగానే బయలుదేరతానని డేరా నడిపే పెద్దావిడతో అన్నాను. అక్కడ అలాంటి పెద్దావిడను 'ఆమా-లే' అని పిలుస్తారు, అంటే అమ్మగారు అని. ఆవిడ నా మాట వినలేదు, నా కాళ్ళకేసి చూసింది. "బేటా, నీ నడక తేడాగా ఉంది" అని హిందీలో అంది. నేను తిన్నగానే నడుస్తున్నానని వాదించాను. ఆవిడ నా సైకిలు లోపల పెట్టేసి, కొడుకును శిబిరానికి పంపింది.

వచ్చిన వైద్య సిబ్బంది ఒక పాదం మడమను రెండో పాదం వేళ్ళకు ఆనించి గీత మీద నడవమన్నారు. నాలుగో అడుగుకే తూలిపోయాను. ఎత్తు ప్రదేశాల్లో నడక తూలడం మెదడులో వాపు మొదలైందనడానికి గుర్తు కావచ్చు. అది ముదిరితే ప్రాణం పోతుంది. అసలైన మందు కిందికి దిగడమే. కానీ పాంగ్‌కి ఒకవైపు లాచులుంగ్ లా, మరోవైపు తగ్లాంగ్ లా. రెండూ 5,000 మీటర్లు దాటినవే. దిగాలంటే ముందు ఎక్కాలి! ఆ రాత్రి ఆక్సిజన్ పెట్టారు. ఆమా-లే నా పక్కనే కూర్చుని మధ్యమధ్య తట్టి లేపి పేరు అడుగుతూ ఉంది.

ఉదయం లేహ్‌కి సరుకు తీసుకెళ్తున్న ఒక లారీ డ్రైవరు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. సైకిలును టార్పాలిన్ మీద తాళ్ళతో కట్టాడు. వాంతి వచ్చినప్పుడల్లా ఆపాడు. తగ్లాంగ్ లా దాటి ఉప్షీకి దిగేసరికి తల తేలికపడింది. డబ్బులిస్తే తీసుకోలేదు, ఒక టీ మాత్రం తాగాడు.

ఇప్పుడు నేను ముందు వేసుకోని లెక్కకు వద్దాం. పాంగ్‌లో నీళ్ళు సుమారు 85 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ప్రెషర్ కుక్కర్ లేకపోతే అన్నం సరిగ్గా ఉడకదు. బియ్యం, కిరోసిన్, ఆక్సిజన్ సిలిండరు అన్నీ ఏదో ఒక లారీ 5,000 మీటర్ల కనుమ దాటి తెచ్చినవే. ఆ రోడ్డు తెరిచి ఉండేది ఏడాదిలో కొన్ని నెలలు. డ్రైవరుకు ఆలస్యమైన ప్రతి గంటా అతని సంపాదనలోంచి పోయినదే. మన ఊళ్ళో మంచినీళ్ళిస్తే మనకు పోయేది తక్కువ. అక్కడ గ్లాసెడు టీకి కూడా ఖర్చు ఉంది. నా తొందరపాటుకు మూల్యం ఎవరో చెల్లించారు. "వాళ్ళు చాలా మంచివాళ్ళండీ" అని ఊరుకుంటే ఆ ఖర్చు కనబడదు.

2008లో మళ్ళీ అదే దారిన, ఈసారి నెమ్మదిగా వెళ్ళాను. పాంగ్‌లో ఆ డేరా ఉన్న చోట వేరే కుటుంబం ఉంది. ఆమా-లే ఆ ఏడు రాలేదన్నారు. అక్కడే మీ వయసు కుర్రవాడొకడు తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతని దగ్గర ఒక రోజంతా ఉండిపోయాను. నిజం చెబుతున్నాను, నా ప్రయాణం ఒక రోజు వెనకబడిందని లోపల విసుగు కలిగింది. అప్పుడు గాని ఆ లారీ డ్రైవరు ఏమి వదులుకున్నాడో నాకు అర్థం కాలేదు.

కనుక మీలో ఎవరైనా కొండల్లోకి వెళ్తే కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. 3,000 మీటర్లు దాటాక, ఒక రాత్రి పడుకున్న చోటికీ మరునాటి పడక చోటికీ ఎత్తులో తేడా 500 మీటర్లు మించకుండా చూసుకోండి. మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి తీసుకోండి. తలపోటు, వాంతులు ఉంటే పైకి ఎక్కకండి. నడక తూలితే వెంటనే దిగే ఏర్పాటు చూడండి. మంచు వాగులను ఉదయమే దాటండి. అన్నిటికన్నా ముఖ్యం, మీ శరీరం సంగతి మీకన్నా ముందు పక్కవాడికి కనబడవచ్చు, అతని మాట వినండి.

ఇంత జాగ్రత్తపడినా ఎక్కడో ఎవరి సాయమో అవసరమవుతుంది. అప్పుడు మొహమాటపడకుండా తీసుకోండి. తీసుకున్నది వాళ్ళకు ఎంత ఖర్చో ఒకసారి లెక్క వేసుకోండి. మీ వంతు వచ్చిన రోజున ఆగడానికి ఆ లెక్క పనికివస్తుంది.