చెట్టు చోటు మారితే ఆడవాళ్లకు నడక పెరుగుతుంది

(మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



చెట్టు కదలదని మనందరికీ తెలుసు. కానీ దానికి సరిపడే వేడి, తడి ఉన్న చోటు కదులుతోంది. 1850–1900 మధ్య కాలంతో పోలిస్తే 2011–2020 నాటికి భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు 1.1 డిగ్రీలు పెరిగింది. కొండ ఎక్కుతుంటే ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. అంటే ఒక్క డిగ్రీ పెరిగినా, పాత చల్లదనం కోసం చెట్టు 150 మీటర్లకు పైగా ఎత్తుకు వెళ్లాలి. గింజ పడి, మొలిచి, మళ్లీ కాయడానికి ఏళ్లు పడుతుంది. వేడి అంతవరకూ ఆగదు.

ఉత్తరాఖండ్ కొండలు చూడండి. అక్కడ చల్లని, తడి వాలుల్లో ఓక్ జాతికి చెందిన బాంజ్ చెట్టు పెరుగుతుంది. దాని ఆకు పశువుల మేత, కొమ్మ వంటచెరకు. దాని కింది మెత్తటి నేల వాననీటిని పట్టి ఉంచి ఊటలకు అందిస్తుంది. కింది వాలుల్లో ఉండే చీర్ పైన్ ఎండకూ, పొడి నేలకూ, మంటకూ తట్టుకుంటుంది. సూదుల్లాంటి దాని ఆకును పశువులు తినవు. అది ఎండి రాలితే కార్చిచ్చు తేలిగ్గా అంటుకుంటుంది. వేడి, మంటలు, మేత కోసం మితిమీరి కొమ్మలు కొట్టడం కలిసినచోట బాంజ్ తగ్గి, పైన్ పైకి పాకుతోంది. తప్పంతా వాతావరణానిదే కాదు. కలప కోసం, రెసిన్ కోసం బ్రిటిష్ కాలం నుంచీ పైన్‌నే ప్రోత్సహించారు.

ఈ భారం ఎవరి మీద పడుతుంది? మేతకూ, కట్టెలకూ, నీళ్లకూ వెళ్లే స్త్రీల మీదే. 1974లో రేణి గ్రామంలో గౌరాదేవితో కలిసి చెట్లు నరకకుండా అడ్డుపడింది కూడా ఆ స్త్రీలే.

మన తూర్పు కనుమలు హిమాలయాలంత ఎత్తయినవి కావు. శిఖరం దగ్గరున్న చెట్టుకు ఇంకా పైకి పోయే చోటే లేదు. ఇప్పపువ్వు, చింతపండు ఏరుకుని బతికే ఆదివాసీ స్త్రీలకు ఇది రేపటి కూటి ప్రశ్న.

2006 అటవీ హక్కుల చట్టం భార్యాభర్తలిద్దరి పేరా పట్టా ఇవ్వాలంటోంది. గ్రామ అటవీ హక్కుల కమిటీలో కనీసం మూడోవంతు స్త్రీలు ఉండాలని నిబంధన. అడవిని కాపాడుకునే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. కాబట్టి ఏ మొక్క నాటాలి, ఏ వాలులో నాటాలి అన్న నిర్ణయం మనల్ని అడగకుండా జరగకూడదు. మేతకూ, తిండికీ, నీటికీ పనికొచ్చే స్థానిక చెట్లనే నాటమని గ్రామసభలో పట్టుబడదాం. కమిటీలో పేరు రాయించుకుని ఊరుకోకుండా, అక్కడ నోరు విప్పుదాం.