చావాల్సిన ప్రోటీన్లు చావకపోతే
(కోహెడలో చేసిన స్మారకోపన్యాసం)



ఊపిరితిత్తుల క్యాన్సర్ అనగానే బీడీ, చుట్ట, సిగరెట్ గుర్తొస్తాయి. ఆ జబ్బుకు పెద్ద కారణం పొగాకే. అయితే జీవితంలో పొగ ముట్టని వాళ్లకూ అది వస్తుందని హైదరాబాద్ ఆసుపత్రుల్లో డాక్టర్లు రోజూ చూస్తున్నారు. కారణం ఏదైనా, ముందు చెడేది జన్యువు. ఆ తరువాత కణం లోపల జరిగే తతంగం గురించి ఇవాళ మాట్లాడతాను.

జన్యువు చెడే కథలో మన ప్రాంతానికీ వాటా ఉంది. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, 1982లో సహచరులతో కలిసి, రాస్ అనే జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, కణం క్యాన్సర్ దారి పడుతుందని చూపించారు. అదే ఏడాది మరో రెండు బృందాలూ ఇదే తేల్చాయి. వాళ్లు చూసింది మూత్రాశయ క్యాన్సర్‌లో. రాస్ కుటుంబానికే చెందిన కేరాస్ జన్యువు ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో తరచూ చెడుతుంది. అప్పటినుంచి అందరి చూపూ జన్యువు మీదే నిలిచింది. నా ఫిర్యాదల్లా అదే. ఏ ప్రోటీన్ ఎంత తయారవుతోందని లెక్కపెట్టాం గాని, తయారైనది ఎంతసేపు బతుకుతోందని అడగడానికి చాలా ఆలస్యం చేశాం.

కంటి కటకంలో ఉండే క్రిస్టలిన్ ప్రోటీన్లు మనిషితోపాటు ముసలివవుతాయి. కణాన్ని పెరగమని తొందరపెట్టే మిక్ ప్రోటీన్ మాత్రం తయారైన అరగంటలో సగానికి పైగా మాయమైపోతుంది. పోవాలి కూడా. అలా పోగొట్టడానికి యుబిక్విటిన్ అనే బుల్లి ప్రోటీన్ ఉంది. దానిలో ఉండేవి 76 అమైనో ఆమ్లాలే. కొన్ని ఎంజైములు దాన్ని చావాల్సిన ప్రోటీన్‌కు గొలుసుగా తగిలిస్తే, ప్రోటియాసోమ్ అనే యంత్రం ఆ గొలుసు చూసి ప్రోటీన్‌ను ముక్కలు చేస్తుంది. ఈ సంగతి కనిపెట్టిన సియెకనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఆ గొలుసు పారేయమని చెప్పే గుర్తు లాంటిది. 2020 వేసవిలో గడ్డిఅన్నారం మామిడి మార్కెట్ ఈ కోహెడకే వచ్చింది కదా. కుళ్లిన కాయల గంపకు పారేయమని సున్నంతో గుర్తు పెట్టారనుకోండి. రాత్రికి రాత్రి ఎవరో ఆ గుర్తు తుడిచేస్తే, తెల్లారి ఆ గంప మళ్లీ అమ్మకానికి వస్తుంది. అలా గుర్తు తుడిచే ఎంజైములు మన శరీరంలో దాదాపు 100 ఉన్నాయి. వాటిని దుర్మార్గుల కింద జమకట్టకండి. పొరపాటున గుర్తు పడిన ప్రోటీన్‌ను కాపాడేవీ, యుబిక్విటిన్‌ను వృథా కానివ్వకుండా వెనక్కి తెచ్చేవీ అవే.

చిక్కు వచ్చేది కణితిలో. యూఎస్‌పీ28 అనే ఎంజైమ్ మిక్‌కు పడిన గుర్తు తుడిచి దాని ఆయుష్షు పెంచుతుందని 2007లో తెలిసింది. ఊపిరితిత్తుల్లో స్క్వామస్ అనే రకం క్యాన్సర్ ఉంది. అది పీ63 ప్రోటీన్ రూపం ఒకదాని మీద ఆధారపడి బతుకుతుంది. ఆ ప్రోటీన్‌ను నిలబెట్టేదీ యూఎస్‌పీ28యేనని 2020లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ శాస్త్రవేత్తలు చూపించారు. ఎలుకల్లో ఆ ఎంజైమ్‌ను తీసేస్తే, లేదా మందుతో అణిస్తే, కణితులు చిక్కిపోయాయి. కణితికి కావలసిన ప్రోటీన్‌ను నేరుగా పట్టుకోవడానికి చోటు దొరకనప్పుడు, దాన్ని కాపాడేవాణ్ణి పట్టుకోవచ్చన్నమాట.

గుర్తు తుడిచే మరో ఎంజైమ్ యూఎస్‌పీ7 కథ నాకు మరీ ఇష్టం. కణానికి కాపలా కాసే పీ53ను అది రక్షిస్తుందని 2002లో రాశారు. తీరా రెండేళ్లకు, యూఎస్‌పీ7ను దాదాపు పూర్తిగా తీసేస్తే పీ53 పెరిగిందని బయటపడింది! ఎందుకంటే, పీ53ను చంపే ఎండీఎం2ను కూడా అదే కాపాడుతోంది. ఒకే చేయి అటు దొంగకూ ఇటు పోలీసుకూ అన్నం పెడుతుంటే, ఆ చేతిని పట్టుకోవాలా వద్దా?

గుర్తు తుడిచేవాళ్లతోపాటు పెట్టేవాళ్లూ తప్పు చేయగలరు. మన ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్త మద్దిక సుబ్బారెడ్డి, 2011లో సహచరులతో కలిసి, డబ్ల్యూడబ్ల్యూపీ2 అనే ఎంజైమ్ పీటెన్ అనే కాపలా ప్రోటీన్‌కు చావు గుర్తు పెడుతుందని చూపించారు. 2022కు భట్నాగర్ పురస్కారం అందుకున్న వారిలో ఆయన ఒకరు.

ఇక మందుల మాట. ప్రోటియాసోమ్‌నే ఆపే బోర్టెజోమిబ్ 2003లో మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు వచ్చింది. ఊపిరితిత్తుల కణితుల మీద అది పెద్దగా పనిచేయలేదు. మొత్తం యంత్రాన్ని ఆపే బదులు ఒక్క ఎంజైమ్‌ను ఆపుదామంటే, యూఎస్‌పీ28కు యూఎస్‌పీ25 అనే కవల ఉంది. ఒకదానికి వేసిన మందు రెండోదానికీ తగులుతోంది. గుర్తు తుడిచే ఎంజైముల మీద పనిచేసే మందు ఏదీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇంకా చికిత్సగా రాలేదు. కవలల్లో ఒకదాన్నే గుర్తుపట్టే అణువు కోసం రసాయన శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు.